పొద్దుగూకాక ముట్టని ముద్ద

సాయంత్రం నాలుగున్నరకు కాటారంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, భూపాలపల్లి వచ్చేదాకా నేను నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో ఆ రోజుల్లో నాకే తెలిసేది కాదు. టేకు చెట్లు వరసగా వెనక్కి జరిగిపోయేవి. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ నా ఒళ్లోని ఖాళీ టిఫిన్ డబ్బా మీద కాసేపు ఆడి, మలుపు రాగానే ఎటో పోయేది. పదకొండింటికి తిన్న రెండు జొన్నరొట్టెలు ఎప్పుడో అరిగిపోయి, ఒళ్లంతా నీళ్ల మీద తేలుతున్నట్టు ఉండేది. పక్క సీటులో ఎవరో పల్లీలు ఒలుచుకుని తింటుంటే, ఆ వాసన నా చిన్నప్పటి కల్లంలోంచి ఇప్పుడే బయల్దేరి వచ్చినట్టు తోచేది. కండక్టర్ రెండుసార్లు పిలిస్తే గానీ పలికేదాన్ని కాదు.

ఆకలిలో ఇంత హాయి ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే తిట్టి పంపేదాన్ని. నాకు ఆకలైతే కోపం, కోపమొస్తే ఆకలి. ఈ రెంటి మధ్యా నలిగిపోయిన మనుషులు మా ఇంట్లో ఇద్దరున్నారు.

నేను కాటారం దగ్గరి ఒక ఊళ్లో బడి పంతులమ్మను. నలభై ఐదేళ్లు. ఆ ఏడు వానలు పడే ముందు మోకాళ్ల నొప్పులని భూపాలపల్లిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతే, కాలేయానికి కొవ్వు పట్టిందనీ, షుగర్ గడప దాకా వచ్చి నిలబడిందనీ, డెబ్బై తొమ్మిది కిలోలు మోస్తే మోకాళ్లు నొప్పి పెట్టక ఏం చేస్తాయనీ గబగబా చెప్పేసింది. "ఏం తింటున్నారో తర్వాత చూద్దాం. ముందు ఎప్పుడు తింటున్నారో చూసుకోండి. పొద్దున పదకొండుకు మొదలుపెట్టండి, సాయంత్రం ఏడు లోపు ముగించండి. మిగతా టైమంతా మంచినీళ్లే" అంది. ఆమె నా చిటికెనవేలంత ఉంది. ఆ నడుము పెట్టుకుని నాకు చెప్పడమేమిటని ఒళ్లు మండింది. అయినా ఇంటికొచ్చి గోడ గడియారానికి కొత్త బ్యాటరీ వేశాను.

భూపాలపల్లిలో గని వాళ్లిచ్చిన క్వార్టర్లో మేం ముగ్గురం. కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మా ఆయన బొగ్గు గనిలో పని చేస్తాడు. గనిని మా దగ్గర బాయి అంటారు. వారానికో షిఫ్టు మారుతుంది. మూడో మనిషి మా అత్తమ్మ. డెబ్బై దాటింది. షుగర్ ఉంది, పొద్దునొక గోలీ, రాత్రొక గోలీ వేసుకుంటుంది. మనిషి సన్నం, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు.

పెళ్లయిన నాటి నుంచీ రాత్రి అన్నం నేనూ అత్తమ్మా కలిసే తినేవాళ్లం. ఆయన ఉంటే ఆయన తిన్నాక, లేకపోతే ఎనిమిదిన్నరకు. ఇద్దరం కింద కూర్చునేవాళ్లం. పచ్చిపులుసు గిన్నె మధ్యలో ఉండేది. బడి సంగతులు నేను చెప్పేదాన్ని, లోకం సంగతులు ఆమె చెప్పేది. నేను తిన్నదానికి లెక్క ఉండేది కాదు, ఎందుకంటే వడ్డించేది ఆమె. చాలంటే ఒక గరిటె, వద్దంటే రెండు గరిటెలు.

మొదట నిజమే చెప్పాను. "అత్తమ్మా, నేను ఇగ రాత్రి తినను. బరువు తగ్గాలె" అన్నాను.

ఆమె నా మొహంలోకి అలాగే చూసింది. "ఇంట్ల బియ్యం లేవా బిడ్డా?"

"ఉన్నయి."

"ఉండి తినకపోవుడు ఏందే? లేక తినకపోతే గది వేరు. మేం గట్క తాగి పన్నం. గది గూడ లేని నాడు నీళ్లు తాగి పన్నం. ఉన్ననాడు కంచం ముంగట కూసుండి వద్దనుడు పాపం బిడ్డా."

మొక్కజొన్న జావ లాంటి ఆ గట్క తాగి పడుకున్న మనిషికి కాలేయం మీద కొవ్వు గురించి ఏం చెబుతాం? చెప్పి చూశాను. తలూపింది. ఎనిమిదిన్నరకు మళ్లీ రెండు కంచాలు పెట్టింది. నేను తినకపోతే తన కంచం ముందు చేయి కడుక్కోకుండా కూర్చునేది. పల్లెత్తు మాట అనేది కాదు. ఆ మౌనం భరించలేక ఒక్క ముద్ద అనుకుని కూర్చుని, పదో ముద్ద దాకా పోయేదాన్ని. మూడు వారాలు ఇలా ఉపవాసం చేసి అరకిలో పెరిగాను.

ఇంతలో గంగారం పోవాల్సి వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలో ఆ అడవి పక్క ఊరికి మా చెల్లెలిని ఇచ్చారు. శనివారం బడి అయ్యాక బయల్దేరి, రెండు బస్సులు మారి, వానలో తడిసి వాళ్లింటికి చేరేసరికి ఏడున్నర దాటింది. గడపలోనే నాటుకోడి కూర వాసన ఎదురొచ్చింది. ప్రాణం గిలగిలలాడింది. అయినా ఆ రోజు నాకెందుకో మొండితనం వచ్చి, తిననన్నాను.

"నీ కోసమని పుంజును కోపిచ్చిన్నక్కా! నీ బరువు పాడుగాను, ఒక్కనాడు తింటే సస్తవా?" అని చెల్లెలు గరిటె పట్టుకుని మీదికొచ్చింది. మాటకు మాట పెరుగుతుంటే, మంచం మీద పడుకున్న వాళ్లత్త తల ఎత్తి, "ఒక్కపొద్దున్నదేమో పిల్ల. ఎందుకే సతాయిస్తవ్?" అంది.

ఒక్కపొద్దు అంటే దేవుడికి మొక్కుకుని ఒంటిపూట తిండితో ఉండటం. మా వైపు ఆ మాటకున్న విలువ అంతా ఇంతా కాదు. ఒక్కపొద్దున్న మనిషిని తినమని బలవంతం చేస్తే ఆ పాపం బలవంతం చేసినవాళ్లకే చుట్టుకుంటుంది. నేను అవుననలేదు, కాదనలేదు. తల మాత్రం ఊపాను. చెల్లెలి చేతిలో గరిటె కిందికి దిగింది. "ముందే చెప్పద్దా అక్కా?" అని లోపలికి పోయి నాకు పొడి చీర తెచ్చింది. నా పక్క వేయడానికి చాప దులిపి మరీ పరిచింది. అప్పటిదాకా మొండిదాన్ని, ఒక్క తల ఊపుతో భక్తురాలినైపోయాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఎంత సులువు!

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతోంది. "అత్తమ్మా, మల్లన్నకు మొక్కిన. ఏడు దాటితే అన్నం ముట్టను" అన్నాను.

ఆమె చేయి ఆగింది. "ఏమని మొక్కినవ్ బిడ్డా?"

అది నేను ఆలోచించుకోలేదు. ఎదురుగా గోడకు మా ఆయన డ్యూటీ టోపీ వేలాడుతోంది. నోటికి అదే వచ్చింది. "నీ కొడుకు బాయిల సల్లగుండాలని."

పచ్చి అబద్ధం. ఆయన బాయికి పోవడమంటే నాకు టిఫిన్ డబ్బా, షిఫ్టు టైము, నెల మొదట్లో జీతం. అంతకుమించి నేనెప్పుడూ ఆలోచించలేదు. కానీ అత్తమ్మ బీరకాయ పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచి నా దగ్గరికొచ్చింది. రెండు చేతులతో నా చెంపలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. కళ్లు నిండి ఉన్నాయి. "గిన్నేండ్ల సంది గిది నేనొక్కదాన్నే అనుకున్న" అంది. ఏది ఒక్కదానివే అని నేను అడగలేదు. కూర ఉడికేంతసేపు కాస్త సిగ్గుగా అనిపించింది. తర్వాత ఆకలేసి మర్చిపోయాను.

ఆ తర్వాత రోజులన్నీ కలలోలా గడిచాయి. నేను బస్సు దిగి వచ్చేసరికి ఆరుంబావుకే అన్నం, కూర వేడివేడిగా సిద్ధంగా ఉండేవి. "నువ్వు తిను బిడ్డా, పొద్దుగూకుతాంది. నేను సీరియల్ సూసుకుంట తింట" అనేది అత్తమ్మ. నేను తిని, చేయి కడుక్కుని, క్వార్టర్ వెనకాల మెట్టు మీద కూర్చునేదాన్ని. వాన తెరిపిచ్చిన సాయంత్రాల్లో ఆకాశం చాలాసేపు వెలుగుతూ ఉండేది. గాలిలో తడిసిన బొగ్గుపొడి వాసన. కడుపులో బరువు లేకపోతే మనసు ఎంత దూరమైనా పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

నా మనసు ఎక్కువగా తరిగొప్పుల వైపు పోయేది. అక్కడ పుట్టి పెరిగాను. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, వెలుతురుండగానే అందరికీ అన్నాలు పెట్టేసేది. "దీపం కాడ తింటే పురుగు కనవడది" అనేది. వాకిట్లో వరసగా కూర్చుని, కంచాల్లోకి ఆకాశం రంగు పడుతుండగా తినేవాళ్లం. ఇళ్లకు తిరిగొచ్చే మేకల మెడగంటలు వినపడేవి. చీకటి పడేసరికి అవ్వ పక్కన నులకమంచం మీద ఉండేదాన్ని. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చిన వైద్యం మా అవ్వ కిరోసిన్ పొదుపు కోసం చేసిందే కదా అని నవ్వొచ్చేది. కళ్లు మూసుకుంటే నేను బడి పంతులమ్మను కాదు, ఎవరికీ భార్యను కాదు, తడి వాకిట్లో కాళ్లు చాపుకున్న ఎనిమిదేళ్ల పిల్లను. ఏడు దాటి ఎనిమిదయ్యేది. లోపల టీవీ మాటలు, గిన్నెల చప్పుడు వినిపించేవి. అత్తమ్మ తింటోందనుకునేదాన్ని.

ఆదివారం పొద్దున మందుల షాపులో బరువు చూసుకోవడం నాకు పండగైంది. డెబ్బై ఏడు. డెబ్బై ఐదు. చేతి గాజులు జారి మోచేతి దాకా పోయేవి. జాకెట్లు రెండుసార్లు కుట్టు వేయించాను. మెట్లెక్కితే మోకాళ్లు ఊరుకునేవి. బీరువా అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకునేదాన్ని. ఆ అద్దంలోనే నా వెనక చీపురు పట్టుకుని తిరుగుతున్న మనిషి కూడా కనపడుతూనే ఉంది. నేను చూడలేదు. ఆమె రైకకు పిన్నీసు పెట్టుకోవడం చూశాను, ఎందుకని అడగలేదు. కూర్చుని ఊడవడం చూశాను, వయసు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండున్నర నెలలు అలా గడిచాయి. వానలు వెనకబట్టి, పొద్దున పూట కాస్త చలి మొదలైంది. ఆ ఆదివారం నా బరువు డెబ్బై రెండు. షాపు నుంచి ఇంటిదాకా దాదాపు ఎగురుకుంటూ వచ్చాను. ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. "అత్తమ్మా, ఏడు కిలోలు!" అనబోయి ఆగాను, మొక్కులో కిలోల ముచ్చట ఎందుకొస్తుందని. పెరట్లోకి పోతే బట్టలుతికే బండ పక్కన ఆమె పడి ఉంది. ఒళ్లంతా చల్లని చెమట. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

పక్కింటామె చక్కెర తెచ్చి చిగుళ్లకు రాసింది. ఇద్దరం కలిసి ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాం. ఎత్తుకున్నప్పుడు నా చేతులకు తెలిసింది. ఆమె మనిషి బరువు లేదు. ఎండిన కట్టెల మోపు కూడా అంతకంటే బరువుంటుంది.

దవాఖానలో వేలి మీద సూది పొడిచి చూసి, షుగర్ బాగా పడిపోయిందని గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి ఆమె కళ్లు తేటపడ్డాయి. "రాత్రి ఏం తిన్నది?" అని అడిగాడు కుర్ర డాక్టర్. "అన్నం, పప్పుచారు" అని నేను గట్టిగానే చెప్పాను.

"తినలే" అంది అత్తమ్మ.

నేను తిరిగి చూశాను. "ఎప్పటిసంది తింటలేవు?"

"నువ్వు మొక్కిన కాడికెల్లి."

డాక్టర్ నా వైపు చూశాడు. అత్తమ్మ ఎవరికో తప్పు దిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "కోడలు మొక్కి ఉపాసముంటే నేను తిని కూసుంటనా? నువ్వు పెండ్లానివి, రెండు పూటలు తిన్నా చెల్లుతది. నేను కన్నతల్లిని. పగటీలి ఒక్కపూట తిన్న."

"మరి గోలీ?"

"ఏసుకున్న గద, రెండు పూటల. గోలి అన్నం కాదు. మొక్కు చెడది."

ఖాళీ కడుపు మీద రాత్రి గోలీ. రెండున్నర నెలలు. ఆ వండిన అన్నం ఏమైందని అడిగితే, పక్కింటి కోళ్లకు వేశానంది. నేను మెట్టు మీద కూర్చుని కలలు కంటున్నప్పుడు విన్న గిన్నెల చప్పుడు అదన్నమాట.

డాక్టర్ పోయాక నాకు ముందు కోపమే వచ్చింది. ఎప్పుడూ ముందు అదే వస్తుంది. "నిన్నెవరు ఉండమన్నరు? చెప్పద్దా నాకు? సస్తే ఎవరిది పాపం?" అని వార్డంతా వినపడేలా అరిచాను. పక్క మంచం మీది పేషెంటు లేచి కూర్చుంది. అరిచి అరిచి, ఏడుపొచ్చి, ఆమె మంచం పట్టీ మీద తల పెట్టుకుని నిజం చెప్పేశాను. "మొక్కు లేదు అత్తమ్మా. ఏం లేదు. నువ్వు తినమంటవని అబద్ధం చెప్పిన. బరువు తగ్గాలని ఉన్న, అంతే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నా వైపు తిరిగి అడిగింది.

"మరి గిన్ని దినాలు నా కొడుకును ఎవలు కాసిన్రు?"

జవాబు ఆమే చెప్పుకుంది. "నేనే గద. నీది మొక్కే కాదంటివి. నాదే ముట్టింది దేవునికి. గట్లయితే నేను ఇడువ."

అక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. సాయంత్రం అన్నం తిని తీరాలని డాక్టర్ చెప్పాడు. ఇంకోసారి ఇలా పడితే లేవదని నాతో విడిగా చెప్పాడు. మధ్యాహ్నం నాలుగింటికి మా ఆయన షిఫ్టు దిగి, కనురెప్పల్లో బొగ్గుతోనే పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, నాకేం కాదే. తినే" అని తల్లి చేతులు పట్టుకుని బతిమాలాడు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. "నీకు తెల్వదురా. నువ్వు దిగినకాడికెల్లి పైకొచ్చేదాక నా పానం నా కాడ ఉండది. దేవునికి మాటిచ్చి తప్పితే, రేపు నీకేమన్న అయితే, గా బువ్వ నాకు అరుగుతదా?" అంది. ఆయన బయటికి పోయి వరండాలో నిలబడ్డాడు.

ఆరున్నర అయింది. ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం డబ్బా మూత తీయకుండానే ఉంది. ఈ మనిషి నా అబద్ధం వల్ల చచ్చిపోతుంది అనుకున్నాను. అప్పుడు నాకు ఒక్కటే దారి తోచింది. ఇంట్లో ఒకరు మొక్కింది ఇంకొకరు తీర్చవచ్చు, అది మాలో ఉన్నదే.

"అత్తమ్మా, గా మొక్కు నాకియ్యి. నేనుంట."

"నువ్వు మల్ల అబద్ధం ఆడుతవ్."

"ఆడను. నువ్వు ఎట్ల చెప్పమంటే అట్ల చెప్త."

తనను లేపి కూర్చోబెట్టమంది. మంచినీళ్ల సీసా అందుకుని నా చేతుల మీద నీళ్లు పోసింది. మొహం కడుక్కోమంది. తూర్పు తిరగమంది. వార్డులో అందరూ చూస్తుండగా నేను చేతులు జోడించి, ఏడు దాటితే ముట్టననీ, నా భర్త బాయిలో చల్లగా ఉండాలనీ అన్నాను. అంతకుముందు నోటికొచ్చిన మాటలే అవి, కొత్తవేం కావు. ఈసారి చెప్పడం కష్టమైంది. మధ్యలో ఆగిపోతే ఆమె అందించింది.

తర్వాత నోరు తెరిచింది. నేను ముద్దలు కలిపి పెట్టాను. డబ్బా ఖాళీ అయ్యాక, "ఇంకింత ఉన్నదా?" అని అడిగింది.

ఇంటికొచ్చాక తినే గంటలు మారలేదు. అదే పదకొండు, అదే ఏడు. ఆరున్నరకు ఇద్దరం రెండు కంచాలతో కూర్చుంటున్నాం. తన ఒక్కపొద్దు దిగిపోయిందని ఆమె కడుపు నిండా తింటోంది. బరువు చూసుకోవడానికి నేను మళ్లీ ఆ షాపుకు పోలేదు.

ఆ మరుసటి సోమవారం ఆయనకు రెండో షిఫ్టు పడింది. మూడింటికే బాయిలోకి దిగి ఉంటాడు. మేం తిన్నాం, అత్తమ్మ త్రేన్చి, చేయి కడుక్కుని, మంచం మీద అటు తిరిగి పడుకుంది. "వాడు వచ్చేదాక సూస్తవ్ గద బిడ్డా?" అంది.

"చూస్త" అన్నాను.

అన్నేళ్లూ ఆయన షిఫ్టు నుంచి వచ్చేదాకా మంచంలో అటూ ఇటూ దొర్లుతూ ఉండే మనిషి, రెండు నిమిషాల్లో గురకపెట్టి నిద్రపోయింది. నేను గిన్నెల మీద మూతలు పెట్టి వెనకాల మెట్టు మీద కూర్చున్నాను. తరిగొప్పుల వైపు పోదామని కళ్లు మూసుకుంటే మనసు అటు కదల్లేదు. ఆయన దిగే బాయి ఎంత లోతుంటుందో ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదని గుర్తొచ్చింది. లోపలికి పోయి గడియారం చూశాను. భయమేసింది. ఆయన పైకి రావడానికి ఇంకా నాలుగు గంటలుంది.